హువో యువాన్‌జియా: ఒక చీనా వస్తాదు జీవితము, ఆయన విడిచిపోయిన పాఠశాల

సాయంకాలము బడిగంట మ్రోగిన పిమ్మట మా ఆటస్థలమున కొందరు బాలురు కాళ్లను గాలిలోనికి విసరుచు, చేతులను వింతగా త్రిప్పుచు, ఒకరిమీదికొకరు దుముకుచుండుటను మేము తరచుగా చూచుచున్నాము. ఇదేమి ఆట యని యడిగినచో, "చీనావారి సాము, అయ్యా, సినిమాలో చూచితిమి" అని బదులు చెప్పుదురు. ఆ సినిమా కథనుకూడ వారు తడబడక వినిపింపగలరు. షాంఘై నగరమున ఒక గొప్ప వస్తాదు ఉండెనట. శత్రువులు ఆయనకు విషము పెట్టి చంపిరట. చెన్ జెన్ అను ప్రియశిష్యుడు వచ్చి, శత్రువులను ఒంటిచేత మట్టుపెట్టి, గురువు ఋణము తీర్చుకొనెనట.

బాలుర యుత్సాహమును చల్లార్చుట మా యుద్దేశము కాదు. కాని ఈ కథలో ఒక చిత్రమున్నది. పగ తీర్చిన ఆ శిష్యుడు లోకమున ఎన్నడును పుట్టలేదు. 1972లో హాంకాంగు నగరమున బ్రూస్ లీ నటించిన చిత్రముకొరకు ఆ పాత్రను కల్పించిరి. గురువు మాత్రము నిజముగా నుండెను. ఆయన పేరు హువో యువాన్‌జియా. పుట్టని శిష్యుని చేతలన్నియు మన బాలురకు కంఠస్థములు. పుట్టి బ్రదికిన గురువు ఏమి చేసెనో వారెరుగరు. ఆయన షాంఘైలోని పాఠశాలలో బోధించినది కొన్ని నెలలు మాత్రమే. అయినను ఆ పాఠశాల నూరేండ్లు దాటి నేటికిని నిలిచియున్నది. ఇది ఎట్లు సంభవించెనో విచారించుటకే మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా ఆ కాలపు చీనాదేశమును మనస్సున నుంచుకొనవలెను. 1839 మొదలు 1842 వరకును, మరల 1856 మొదలు 1860 వరకును జరిగిన నల్లమందు యుద్ధములలో చీనా యోడిపోయెను. నల్లమందు వ్యాపారము ఊరూర వ్యాపించి జనుల దేహములను, ధనమును హరించెను. 1860 తరువాత ఉత్తరదేశపు రేవుపట్టణమైన టియాన్‌జిన్‌లో విదేశీయులకు ప్రత్యేకమైన పేటలు ఏర్పడెను. 1894-95లో జపానుతో జరిగిన యుద్ధమునను చీనాకు పరాభవమే కలిగెను. ఆ దినములలో చీనాను "తూర్పు ఆసియాలోని రోగి" యని పలుకుట పరిపాటి యయ్యెను. పరులు అన్న మాటకంటె, అది నిజమేమోయను శంక చీనా యువకుల మనస్సులలో నాటుకొనుటయే వారిని ఎక్కువగా బాధించెను.

హువో యువాన్‌జియా 1868వ సంవత్సరమున టియాన్‌జిన్ సమీపమున జింగ్‌హాయ్ మండలములోని షియావోనాన్‌హె అను పల్లెలో జన్మించెను. తండ్రి హువో ఎన్‌ది. పదిమంది సంతానములో యువాన్‌జియా నాల్గవవాడు. తండ్రి వృత్తి బాటసారి వర్తకుల సరకులకు కావలి పోవుట. ఆ కాలమున చీనాదేశపు బాటలలో దొంగలభయము మిక్కుటము. అందుచేత వర్తకులు తమ బండ్లవెంట సాము నేర్చిన బలశాలులను కూలికి గొనిపోవుచుండిరి. కావలివాని పేరు వినిన మాత్రమున దొంగలు తొలగిపోవలెను. ఆ పేరే వాని జీవనాధారము. కావున సాము తెలిసిన కుటుంబములు తమ విద్యను నగనాణెములవలె దాచుకొనుచుండెను. తండ్రి కొడుకునకు చెప్పును; పొరుగువానికి చెప్పడు. అనేక కుటుంబములలో కూతురునకును చెప్పరు. ఆమె పెండ్లియాడి పరుల యింటికి పోవును గదా!

హువో వారి కుటుంబవిద్యకు మిజుంగ్ అని పేరు. "జాడ తెలియనీయనిది" అని ఆ మాటకు అర్థము చెప్పుదురు. అడుగులు ఎటు పడునో ఎదుటివానికి తెలియకుండ తిరుగుట దాని లక్షణము.

ఇట్టి యింట పుట్టిన యువాన్‌జియా చిన్ననాడు రోగిష్ఠి. ఉబ్బసముచేతను, కామెరలచేతను బక్కచిక్కియుండెను. ఈ బాలుడు ఎవనిచేతనైనను ఓడిపోయినచో ఇంటిపేరు పోవునని భయపడి తండ్రి వానికి సాము నేర్పుటకు ఒప్పుకొనలేదు. చదువుకొనుమని చెప్పెను. బాలుడు పగలు అన్నదమ్ముల సాధనను చాటునుండి చూచి, రాత్రులయందు ఊరిబయటి రేగుతోటలోనికి పోయి ఒంటరిగా అభ్యసించెనని ఆ కుటుంబమువారు చెప్పుకొందురు. 1890లో హెనాన్ ప్రాంతమునుండి వచ్చిన ఒక సాముగాడు యువాన్‌జియా సోదరుని ఓడించగా, ఎవరును తలపని ఈ బక్కవాడు ముందుకు వచ్చి అతనిని గెలిచెనట. అప్పుడు తండ్రి తన నియమమును సడలించి వానిని శిష్యునిగా గైకొనెను.

ఈ వృత్తాంతమున ఏ కొంత అతిశయోక్తి యున్నను, ముఖ్యమైన సంగతి యొకటి స్పష్టముగా నున్నది. ఇంటిలోని విద్య ఇంటిబిడ్డకే మూయబడియున్నప్పుడు ఆ మూసిన తలుపునకు వెలుపల నిలిచినవాని బాధ ఎట్టిదో హువో బాల్యముననే అనుభవించెను.

పెరిగి పెద్దవాడైన పిమ్మట ఆయన టియాన్‌జిన్ నగరమునకు పోయి రేవులో మూటలు మోసెను. తరువాత నోంగ్ జిన్‌సున్ అను విద్యావంతుని మందులకొట్టులో పని సంపాదించెను. నోంగ్ దేశాభిమానము గలవాడు. ఈ కూలివానియందలి బలమును, నెమ్మదిని చూచి స్నేహితుడయ్యెను. వెనుకటి కావలివృత్తి అప్పటికి క్షీణదశలో నుండెను. రైళ్లు వచ్చిన పిమ్మట సరకులు బండ్లమీద పోవుట తగ్గెను. తుపాకి చేతబట్టిన దొంగయెదుట పిడికిలి ఏమి చేయును? సాము అనునది ఇక బ్రదుకుతెరువు కానేరదు. అట్లయినచో అది ఎందులకు? ఈ ప్రశ్న హువోను మాత్రమే గాక ఆయన తరమువారినందరిని ఎదుర్కొన్నది.

ఆయన కీర్తికి మూలములైన సవాళ్లను గూర్చి ఇప్పుడు చెప్పవలెను. 1901 ప్రాంతమున టియాన్‌జిన్‌కు వచ్చిన ఒక రష్యాదేశపు మల్లుడు తన్ను మించినవాడు లేడని ప్రకటనలు వేయగా హువో సవాలు చేసెననియు, ఆ మల్లుడు పోరునకు రాక తన ప్రకటనను ఉపసంహరించుకొనెననియు చెప్పుదురు. అటుపిమ్మట, 1909-10 ప్రాంతమున షాంఘై నగరమున ఓబ్రియన్ అను పాశ్చాత్య బలశాలి నాటకశాలలో కండల ప్రదర్శనము చేయుచు చీనావారిని పోరునకు పిలిచెను. నగరములోని యువకులు రోషపడిరి. ఉత్తరదేశమునుండి హువోను రప్పించిరి. ఆయన తన శిష్యుడు లియు జెన్‌షెంగ్‌ను వెంటబెట్టుకొని వచ్చెను. నోంగ్ మధ్యవర్తిగా మాటలు జరిపెను. ఏ నియమములతో పోరాడవలెనను విషయమున వాదము పెరిగెను. పాశ్చాత్యుడు తన ముష్టియుద్ధపు నియమములను కోరెను. నడుమునకు క్రింద కొట్టరాదు, కాలు వాడరాదు. కాలు వాడనిదే తమ సాము సాము కాదని చీనాపక్షమువారి వాదము. జాంగ్ తోటయను ఉద్యానవనమున వేదిక కట్టిరి, జనులు మూగిరి. ఓబ్రియన్ మాత్రము రాలేదు, నగరము విడిచిపోయెను.

సినిమాలలో ఈ ఘట్టమున భయంకరమైన యుద్ధము జరుగును. యథార్థమున ఒక్క దెబ్బయైనను పడలేదు. ఈ సంగతిని మనకు చెప్పినవాడు హువో శత్రువు కాదు. ఆయన తొలి విద్యార్థులలో నొకడైన చెన్ గుంగ్‌జె. ఆయన 1957లో సంస్థయొక్క ఏబదియేండ్ల చరిత్రను వ్రాసెను. గురువునకు లేని విజయమును అంటగట్టుట ఆయనకు కష్టమైన పని కాదు. చూచినవారు కొద్దిమందియే మిగిలియుండిరి. అయినను జరగని పోరు జరగలేదనియే వ్రాసెను. గురుభక్తికి ఇంతకంటె మంచి నిదర్శనము మాకు కనబడదు.

పోరు జరగకపోయినను ఆ వేదికచుట్టు చేరిన జనుల యుత్సాహము వ్యర్థము కాలేదు. 1910లో షాంఘై నగరపు జాబెయ్ పేటలోని ఒక పాత యింట వ్యాయామ పాఠశాల యొకటి ఏర్పడెను. దాని పేరు జింగ్‌వూ. "సారమైన, నైపుణ్యముగల వీరవిద్య" యని దాని భావము. ఇచ్చట మేము ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఈ సంస్థ హువో ఒక్కని సృష్టి కాదు. చెన్ చీమెయ్ మొదలగు దేశభక్తులును, నగరములోని వర్తక యువకులును దీనికి తోడ్పడిరి, నోంగ్ జిన్‌సున్ అధ్యక్షుడయ్యెను, హువో ప్రధానోపాధ్యాయుడు. కాని ఆయన ఒప్పుకొననిదే అది పుట్టియుండదు. ఇంటిబిడ్డలకే చెప్పవలసిన విద్యను, రుసుము చెల్లించి పేరు వ్రాయించుకొనిన గుమాస్తాలకును, దుకాణదారుల కుమారులకును బహిరంగముగా నేర్పుటకు ఆయన సమ్మతించెను. బాల్యమున తలుపునకు వెలుపల నిలిచినవాడే ఆ తలుపు తెరచుటకు చేయి కలిపెను.

పాఠశాల తెరచిన కొలది నెలలకే, 1910లోనే, హువో యువాన్‌జియా మరణించెను. అప్పటికి ఆయనకు నలువదిరెండేండ్లు. విషప్రయోగము జరిగెనని అప్పుడే వదంతి పుట్టెను; తరువాత అది కథయై, నవలయై, చిత్రమై లోకమంతట వ్యాపించెను. అయితే ఆయన చిరకాలముగా రోగి యనియు, దగ్గుతో రక్తము పడుచుండెననియు సహచరుల మాటవలన తెలియుచున్నది. 1989లో సమాధిని త్రవ్వి ఎముకలను పరీక్షింపగా పాషాణపు జాడలు కనబడెనని ప్రకటించిరి. ఇది విషప్రయోగమునకు సాక్ష్యమని కొందరు సంతోషించిరి. కాని ఆ కాలపు వైద్యులు పాషాణమును మందుగా కూడ వాడుచుండిరి. ఎముకలోని పాషాణము హంతకునిదో వైద్యునిదో ఎముక చెప్పజాలదు. కావున ఆయనను విషమిచ్చి చంపిరని నిశ్చయముగా చెప్పుటకు ఆధారము లేదు. చిన్ననాటి రోగములు ఎన్నడును విడువని దేహముతోడనే ఆయన అంత బలమును సాధించెననుట మాత్రము నిశ్చయము. హత్యకథకంటె ఇది తక్కువ గొప్ప విషయమా?

గురువు పోయెను. పాఠశాల యొక్క ధనస్థితి హీనము. సాధారణముగా అట్టి సంస్థ ఏడాది తిరుగకముందే మూతపడవలసినది. ఎందుచేతననగా పూర్వపద్ధతిలో పాఠశాల యనగా గురువే. ఆయన శ్వాసతోడనే విద్యయు పోవును. శిష్యులు ముఠాలుగా చీలి, అసలైన విద్య నాదనగా నాదని కలహింతురు. జింగ్‌వూకు అట్లు జరుగలేదు. చెన్ గుంగ్‌జె, యావో చాన్‌బో, లూ వెయ్‌చాంగ్ అను ముగ్గురు యువకులు దానిని భుజమున వేసుకొనిరి. వీరు సాముగాండ్ర కుటుంబములవారు కారు; వర్తకుల బిడ్డలు. చెన్ గుంగ్‌జె తన కుటుంబపు ధనమును, స్థలమును ఇచ్చెను. 1916లో సంస్థ క్రొత్త భవనమునకు మారెను.

వారు చేసిన పనులలో మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించునది ఒకటి కలదు. వారు తమ గురువుయొక్క కుటుంబవిద్యను మాత్రమే నేర్పుదుమని గిరి గీసికొనలేదు. హువో సోదరుడు హువో యువాన్‌చింగ్ వచ్చి ఇంటివిద్యను బోధించెను, నిజమే. ఆయనతోపాటు జావో లియాన్‌హె వచ్చి ఉత్తరదేశపు షావొలిన్ సంప్రదాయమును నేర్పెను. డేగగోళ్ల పద్ధతిలో ప్రసిద్ధుడైన చెన్ జిజెంగ్ వచ్చెను. గొల్లభామ పురుగు పట్టును అనుకరించు పద్ధతిని లువో గ్వాంగ్‌యూ తెచ్చెను. వేర్వేరు నదీతీరములవారు, వేర్వేరు గురుపరంపరలవారు ఒకే కప్పుక్రింద పాఠములు చెప్పిరి. ఒక పద్ధతివాడు మరియొక పద్ధతిని నిందింపరాదను మర్యాదను పాటించిరి. సాముగాండ్రకు పరనింద ఊపిరివంటిది. దానిని మానుట ఎంత కష్టమో మన తాలింఖానాల సంగతి తెలిసిన పెద్దలు గ్రహింపగలరు.

ప్రతి విద్యార్థియు ముందుగా నేర్వవలసినవని పది పాఠములను వారు నిర్ణయించిరి. వానిలో ఆరు వట్టిచేతులతో చేయునవి. కర్రసాము ఒకటి, కత్తిసాము ఒకటి, బల్లెపుసాము ఒకటి. చివరిది ఒకడు కత్తితోను, ఒకడు బల్లెముతోను జంటగా చేయునది. ఆ పేర్లును వింతగా నుండును: కర్రపాఠమునకు "గొఱ్ఱెలమంద" యని పేరు, బల్లెపు పాఠమునకు "అయిదు పులులు" అని పేరు. ఆ పదింటిలో హువో వారి మిజుంగ్ పేరు గలది ఒక్కటియు లేదు. గురువుపేర వెలసిన పాఠశాలలో గురువు ఇంటివిద్య తప్పనిసరి పాఠము కాలేదు! ఇది గురుద్రోహమని కొందరికి తోచవచ్చును. మాకు అట్లు తోచదు. ఏది అందరికి నేర్పుటకు అనువైనదో దానిని ముందుంచిరి. తలుపు తెరచుటయే గురువు నేర్పిన ముఖ్యపాఠమని వారు గ్రహించిరి.

అందరికి నేర్పుట యనునది ఎట్లు సాధ్యమయ్యెనో కొంచెము వివరింతుము. పాతపద్ధతిలో శిష్యుడు గురువింట చేరి, నీళ్లు తోడి, ఊడిచి, ఏండ్ల తరబడి కనిపెట్టుకొనియుండును. గురువునకు మనస్సు కలిగినప్పుడు ఒక పట్టు చూపును. చివరి రహస్యమును చూపకయే చనిపోవుటయు కలదు. క్రొత్తపద్ధతిలో మొదటి పాఠము "టాన్‌తుయ్" అనునది. దానిలో పండ్రెండు వరుసలు కలవు. ఒక్కొక్క వరుసలో కొలదిపాటి కదలికలు; ఒక గుద్దు, ఒక అడ్డు, ఒక తన్ను. ఆ కదలికలనే కుడివైపునను ఎడమవైపునను మార్చి మార్చి చేయుచు తిన్నని గీతమీద ముందుకు సాగి, చివర తిరిగి వెనుకకు రావలెను. గీత తిన్ననిది గనుక నలుబదిమందిని వరుసగా నిలిపి ఒకేసారి నడిపింపవచ్చును. మన పాఠశాలలో డ్రిల్లు మాస్టరుగారు లెక్కపెట్టుచుండగా మనము చేయునట్లే ఒకడు లెక్క చెప్పుచుండగా తక్కినవారు చేయుదురు. తప్పు చేసినవాడు వెంటనే కనబడును. రోజు విడిచి రోజు వచ్చు గుమాస్తాకును ఇది సాధ్యము. ప్రతి కదలికను ఛాయాచిత్రములు తీసి పుస్తకములుగా అచ్చొత్తించిరి. చెన్ గుంగ్‌జె ఛాయాచిత్రకళలోను నిపుణుడు. అచ్చయిన విద్యను ఎవరు దాచగలరు?

మరియొక తలుపుకూడ తెరచిరి. చెన్ గుంగ్‌జె సోదరి చెన్ షిచావో తానే సాము నేర్చి బాలికలకు బోధించెను. ఆడుబిడ్డల పాదములను కట్టివేయు దురాచారము ఇంకను పూర్తిగా పోని దేశమున, ఆ పాదములతో తన్నుటయు, దుముకుటయు నేర్పుట సామాన్యమైన సాహసము కాదు.

జింగ్‌వూ చిహ్నము మూడు నక్షత్రములు. అవి దేహము, బుద్ధి, శీలము అను మూడింటి శిక్షణను తెలుపును. సంస్థలో సాముతోపాటు సంగీతము, చిత్రలేఖనము, చదరంగము, బంతియాటలు మొదలగు శాఖలు కూడ నుండెను. ఈ యేర్పాటును చూచినచో వై.ఎం.సి.ఏ. వారి పద్ధతి మనకు జ్ఞప్తికి రాక మానదు. షాంఘైలో ఆ సంఘము అప్పటికే పనిచేయుచుండెను. మంచిపద్ధతి యెవరిదైనను గైకొనుటకు జింగ్‌వూ యువకులు సిగ్గుపడలేదు. 1919లో సంస్థ తన చరిత్రగ్రంథమును ప్రకటించినప్పుడు డాక్టరు సన్ యట్‌సెన్ దానికి పీఠిక వ్రాసెను.

ఆ సంవత్సరముననే కాంటన్ నగరమున శాఖ యేర్పడెను. 1920లో చెన్ గుంగ్‌జె, చెన్ షిచావో మొదలగు అయిదుగురు ఓడనెక్కి సైగాన్, సింగపూరు, కౌలాలంపూరు, పెనాంగ్, జావా ప్రాంతములను తిరిగిరి. అచ్చటి చీనావారు కూలిపనులకును వ్యాపారమునకును వచ్చి స్థిరపడినవారు. కౌలాలంపూరు శాఖ 1921లో పుట్టెను. 1953లో అది తన పెద్ద క్రీడామందిరమును తెరచెను. రబ్బరు తోటలకు వలసపోయిన మన తెలుగువారి సంతతియు ఆ దేశమున నున్నారు గనుక ఆ నగరము మనకు వినని పేరు కాదు. హువో రెండవ కుమారుడు హువో డుంగ్‌గె జావాద్వీపమున బోధకుడై, ఆ దేశముననే 1956లో కన్నుమూసెను. 1966 తరువాతి సంవత్సరములలో చీనాదేశమున పూర్వవిద్యలకు కష్టకాలము వచ్చినప్పుడు, విదేశములలోని శాఖలు దీపమును ఆరనీయక కాపాడెను. ఒక్కయింటనే దాచియుండినచో ఆ దీపము ఏమగునో యూహింపుడు.

ఇంతవరకు చెప్పినది విని, ఈ మార్పువలన నష్టమేమియు లేదా యని తెలివిగల చదువరి యడుగవచ్చును. ఉన్నది. గుంపులుగా నిలిచి లెక్కప్రకారము చేయు సాము వ్యాయామమై పోయెననియు, గురువునెదుట ఒంటరిగా దెబ్బలు తినుచు నేర్చినవాని లోతు గుంపులో నేర్చినవానికి రాదనియు పెద్దవస్తాదులు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణలో నిజము లేకపోలేదు. పదిమందికి పంచిన పాయసము ఒక్కని గిన్నెలో నున్నంత చిక్కగా నుండదు. కాని ఒక ప్రశ్న మిగిలియుండును: ఆకలిగొన్నవారు ఎందరు? ఒక దేశమంతయు తన్ను తాను రోగియని తలచుచున్న వేళ, ఒక్క మహామల్లుని కంటె ప్రతి ఉదయము నిటారుగా నిలువగల లక్షమంది గుమాస్తాలును, బాలికలును దేశమునకు ఎక్కువ అవసరము. హువో కూటమివారు ఆ రెండవదానిని కోరుకొనిరి. మేమును దానినే మెచ్చుకొందుము.

ఇక కల్పితకథల సంగతి. 1923లో పింగ్‌జియాంగ్ బుషియావోషెంగ్ అను కలముపేరుగల రచయిత వీరుల చరిత్రలను నవలగా వ్రాయుచు హువోను అందు ముఖ్యనాయకునిగా చిత్రించెను. సినిమాలకు దారితీసిన కథలు పెక్కు అందుండియే ప్రవహించినవి. 1900లో బాక్సర్ల తిరుగుబాటునాడు ప్రాణభీతితో పారివచ్చిన చీనా క్రైస్తవులను హువో తన కొట్టులో దాచి కాపాడెనని ఆ నవలలో నొక ఘట్టము కలదు. మిషను పాఠశాలవారమైన మాకు ఈ కథ ప్రీతికరమే. దీనిని చరిత్రగా ప్రకటింపవలెనని మనస్సు ఉబలాటపడును. కాని అది నవలలోని మాట. ఇతరుల కల్పనలను త్రోసిపుచ్చి, మాకు ఇంపైన కల్పనను మాత్రము నిలుపుకొనుట న్యాయము కాదు. కావున దానిని నవలలోనే యుంచెదము. 2006లో వచ్చిన మరియొక చిత్రమున ఆయన తల్లియు, కూతురును శత్రువులచేత హతులైనట్లు చూపగా, జీవించియున్న ఆయన మనుమడు నొచ్చుకొని న్యాయస్థానమునకు పోయెను. నిజమైన మనుష్యుని గూర్చి కథ కట్టునప్పుడు నిజమైన సంతతి యెక్కడనో నొచ్చుకొనునని కథకులు తలపరు.

2009లో ఆయన పుట్టిన పల్లె చేరియున్న నాన్‌హె పట్టణమునకు జింగ్‌వూ అని పేరు మార్చిరి. గమనింపుడు! ఊరికి పెట్టినది ఆయన పేరు కాదు. ఆయన పాఠశాల పేరు. ఆయన జీవితమున ఏది గొప్పదో ఆ యూరివారు సినిమాలవారికంటె బాగుగ నెరిగిరని మాకు తోచుచున్నది.

ప్రియ విద్యార్థులారా, గాలిలో కాళ్లు విసరుట మానుకొనుడని మేము చెప్పబోము. ఎముకలు విరుగకుండ విసరుకొనుడు. కాని ఆ సినిమా కథను తరువాత చెప్పుకొనునప్పుడు ఇదియు చేర్చి చెప్పుడు: ఆ వస్తాదును గొప్పవానిగా చేసినది ఆయన మరణము కాదు, కల్పితశిష్యుని పగయు కాదు. రోగపీడితుడైన ఒక బాలుడు తనకు నిషేధింపబడిన విద్యను కష్టపడి సంపాదించెను; సంపాదించిన పిమ్మట దానిని మరల తలుపు మూసి దాచలేదు. మన తరగతులలోను పరీక్షకు ముందు లెక్కల నోటుబుక్కును ప్రక్కవానికి కనబడకుండ చేతితో మూసికొని కూర్చుండువారు కలరు. అట్టివారు మొదటి తరగతిలో తేరవచ్చును. కాని ఆ నోటుబుక్కు వారితోడనే ముగియును. చేయి తీసి చూపినవాని విద్య ఎక్కడెక్కడకు పోవునో, ఎన్ని సముద్రములు దాటునో, వానికే తెలియదు. హువో యువాన్‌జియాకును తెలియలేదు. ఆయన షాంఘైలోని ఆ పాత యింటి పెరటిలో కొందరు గుమాస్తాలకు ఏ అడుగు ఎటు వేయవలెనో చూపెను; అంతే.